జేబులక్క ఎర్రదారం

జేబులక్క పగ పట్టిందంటే అది బట్ట మీద పడ్డ మిషన్ నూనె మరకే. తుడిచేకొద్దీ పాకుతుంది తప్ప పోదు. ఈ మాట ఆమె వెనక అనేవాళ్ళు ఉన్నారు. ఎదురుగా అనే దమ్ము ఎవరికీ లేదు. విదేశాలకు వెళ్ళే ప్రతివాళ్ళకూ ఏదో ఒకరోజు ఆమెతో అవసరం పడుతుంది మరి.

ఆమె కుట్టేది జేబులు. పైకి కనబడే జేబులు ఏ దర్జీ అయినా కుడతాడు. ఈమెవి లోపలి జేబులు. లంగా నాడా కింద, బనీను చంక పక్కన, ప్యాంటు పట్టీ లోపల, టోపీ అంచులో, ఒక పెద్దాయనకైతే మోకాలికి వేసుకునే పట్టీలో కూడా కుట్టింది. ప్రయాణం దగ్గరపడగానే జనం వేసుకునే బట్టలూ, మార్చుకున్న పరాయి దేశపు నోట్లూ పట్టుకుని ఆమె ముందుగదికి వస్తారు. కిటికీ పక్కన మిషన్, దానికి ఎదురుగా ఒక చెయ్యి ఊడిన కుర్చీ, మేకుకు వేలాడే కొలతల టేపు, బిస్కెట్ల డబ్బాలో దారం చుట్టిన బాబిన్లు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళ కళ్ళెదుటే నోట్లను పల్చటి గుడ్డలో చుట్టి, చెమట తగలకుండా మడిచి, బట్ట లోపల పెట్టి కుట్టేస్తుంది. టిచ్ బటన్లు వాడదు, జిప్పులు వాడదు. విమానం ఎక్కేచోట యంత్రం లోంచి నడిచేటప్పుడు ఇనుప ముక్క ఉంటే అది కూస్తుంది, నలుగురిలో నడుం విప్పి చూపించాల్సి వస్తుంది. అందుకని అంతా దారమే. చివరి కుట్టు మాత్రం ఎర్రదారంతో వేస్తుంది.

"అక్కడ దిగాక ఈ ఎర్రది ఒక్కటి తెంపండి. మిగతాదంతా దానంతటదే ఊడొస్తుంది" అని చెబుతుంది. ఎర్రదారం తెగకుండా ఉందంటే ఆ డబ్బు మీద మరొకరి చెయ్యి పడలేదని భరోసా. ఊళ్ళో అందరికీ ఆ సంగతి తెలుసు.

కొలతలు తీసేటప్పుడు ఆమె నోట్లో గుండుసూదులు ఉంటాయి. వాటి సందుల్లోంచే ఉపదేశం సాగుతుంది.

"మన డబ్బు మనమే మార్చుకోవాలి. బ్యాంకు కిటికీ దగ్గర నిలబడి మార్చుకోవాలి. కొనే రేటెంత, అమ్మే రేటెంత, రెండూ అడగాలి. కమిషన్ లేదని బోర్డు పెట్టినవాడు రేట్లోనే కోసేస్తాడు. కిటికీ ముందు నుంచి కదలకముందే ఒక్కో నోటూ వెలుతురుకు పెట్టి చూసుకోవాలి. చిన్ననోట్లు అడిగి తీసుకోవాలి, అక్కడ దిగీదిగగానే టీకి పెద్దనోటు ఇస్తే మొహాన కొడతారు. కార్డు గీసినప్పుడు మన డబ్బుల్లో కడతారా, అక్కడి డబ్బుల్లోనా అని అడిగితే అక్కడివే అనాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరైనా కవర్లో పెట్టి ఇచ్చిన నోట్లు కన్నెత్తి చూడకూడదు. టూరు బావ కవర్లయితే మరీను."

ఆఖరి మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు మారుతుంది. నోటినిండా సూదులున్నా ఆ పేరు మాత్రం స్పష్టంగా పలుకుతుంది.

టూరు బావ అంటే జనాన్ని గుంపులుగా పోగుచేసి పరాయి దేశాలు చూపించి తెచ్చే మనిషి. ఆడవాళ్ళందరినీ అక్కా అనీ, మగవాళ్ళందరినీ బావా అనీ పిలిచి పిలిచి తనే ఊరందరికీ బావ అయిపోయాడు. నవ్వు మొహం, మెడలో ఈల, చేతిలో ఎప్పుడూ మోగే ఫోను. బస్సు మైకు అందుకున్నాడంటే వదలడు. అలాంటి మనిషి మీద ఆమెకు అంత పగ ఎందుకో తెలియాలంటే ఆమె జేబులక్క కాకముందు రోజులకు పోవాలి.

అప్పట్లో ఆమె లిఫ్టాయన భార్య. భర్త పెద్దాసుపత్రిలో లిఫ్టు నడిపేవాడు. ఆ ఇరుకు పెట్టెలో స్టూలేసుకుని కూర్చుని, రోగుల్నీ వాళ్ళ చుట్టాల్నీ పైకీ కిందికీ మోశాడు. "ఇన్నేళ్ళు తిరిగాను కదే, ఒక్కడుగు ముందుకు పోలేదు" అని నవ్వేవాడు. అతనికి ఉన్నది ఒకే ఒక కోరిక. మందుల కంపెనీ వాళ్ళు పంచిన క్యాలెండర్లో ఒక బొమ్మ చూశాడు. ఇనుప తాడు మీద గాజు గది, దాని కింద లోయ, పైన మంచు.

"ఇదీ లిఫ్టే కదే" అన్నాడు. "కాకపోతే దీనికి కిటికీలున్నాయి. బటన్ ఇంకెవడో నొక్కాలి, నేను ఊరికే నిలబడి చూడాలి. మంచు ముట్టుకుంటే ఇసకలా ఉంటుందంటావా, దూదిలా ఉంటుందంటావా?"

"నాకేం తెలుసండీ, నేనేమైనా చూశానా" అంది ఆమె. కానీ ఆ రోజు నుంచి బడిపిల్లల యూనిఫారాలు రెట్టింపు ఒప్పుకుని కుట్టింది. కళ్ళు లాగుతున్నా, నడుం పట్టేస్తున్నా మిషన్ తొక్కడం ఆపలేదు. కొన్నేళ్ళకు ఇద్దరి ప్రయాణానికీ సరిపడా కూడింది.

ఆ ప్రయాణం టూరు బావతోనే. "నోట్లు మార్చడానికి మీకెందుకక్కా శ్రమ" అన్నాడతను. "డబ్బు నా చేతికివ్వండి. విమానంలో అక్కడి నోట్లు కవర్లో పెట్టి ఇస్తాను. విమానాశ్రయంలో మార్చారనుకోండి, తోలు ఒలిచి చేతిలో పెడతారు." అందరూ ఇచ్చారు. విమానం ఎగిరాక అతను వరుసల మధ్య నడుస్తూ ఒక్కొక్కరికీ పేరు రాసిన కవరు పంచాడు. ఒక్కరూ విప్పలేదు. ఎదురుగా విప్పి చూస్తే బావ నొచ్చుకుంటాడేమోనని మొహమాటం. మనవాళ్ళ మొహమాటం మీద బతికేవాళ్ళ జాబితాలో టూరు బావది మొదటి పేరు.

కొండ కింద బస్సు ఆగేసరికి చలి ఎముకలు కొరుకుతోంది. లిఫ్టాయన చెవులు ఎర్రబడ్డాయి. ఆమె పక్కనున్న దుకాణంలోకి వెళ్ళి అతని కోసం ఒక ఉన్ని టోపీ తీసుకుని, కవరు విప్పి నోటిచ్చింది. గల్లాపెట్టె దగ్గరి అమ్మాయి నోటు వెలుతురుకు పెట్టి చూసింది. ఇంకొకర్ని పిలిచింది. వాళ్ళు మరొకర్ని పిలిచారు. చూస్తుండగానే ఆమెను కిటికీ లేని చిన్న గదిలోకి తీసుకెళ్ళారు. యూనిఫారం వేసుకున్న ఒకావిడ ఆమె సంచీ బల్ల మీద బోర్లించింది, ఒళ్ళు తడిమింది, జాకెట్టు హుక్కులు కూడా విప్పించింది. భాష రాని చోట ఏడుపుకు కూడా అర్థం ఉండదని ఆమెకు ఆ గదిలో తెలిసింది. చివరికి ఒక పెద్దమనిషి చేతులూ వేళ్ళూ తిప్పుతూ సంగతి చెప్పాడు. అవి దొంగనోట్లు కావు. ఎప్పుడో రద్దయిపోయిన పాతనోట్లు. దుకాణమే కాదు, బ్యాంకు కూడా తీసుకోదు. చిత్తుకాగితాలు.

మిగతావాళ్ళందరి కవర్లలోనూ మంచినోట్లే ఉన్నాయి. ఇలాంటివి పెట్టాలనుకునేవాడు నోరున్నవాళ్ళ కవర్లో పెట్టడు కదా.

ఆమె బస్సు దగ్గరికి వచ్చి కవరు చూపించింది. టూరు బావ దాన్ని తాకను కూడా తాకలేదు. మైకు చేతిలో ఉండగానే, బస్సంతా వింటుండగా అన్నాడు. "నేనిచ్చినవి ఇవి కావక్కా. మీరే ఎక్కడో రోడ్డు పక్కన చవగ్గా మార్చుకుని ఉంటారు."

అంతే. బస్సు బస్సంతా ఆ మాటే నమ్మింది. పక్క సీట్లో కూర్చున్న రిటైరైన టీచరమ్మ, అంతవరకూ అమ్మాయీ అమ్మాయీ అంటూ కబుర్లు చెప్పినావిడే, తన హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోంచి తీసి అటుపక్కకు మార్చుకుంది. ఆమెకు తలకొట్టేసినట్టయింది. లిఫ్టాయన ఏదో అనబోయి నీళ్ళు నమిలాడు. పెద్దవాళ్ళ ముందు స్టూలు మీంచి లేచి నిలబడటమే తప్ప ఎదురు మాట్లాడటం అతనికి చేతకాదు.

గాజుగది టిక్కెట్టు ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి. అందరూ పైకెళ్ళారు. లిఫ్టాయన కింద ఒక చెక్కబల్ల మీద, ఒట్టి తలతో కూర్చుని, తాడు మీద వెళ్ళే పెట్టెల్ని చూస్తూ ఉండిపోయాడు. "బాధపడకే, కింద నుంచి కూడా బాగానే కనబడుతోంది" అన్నాడు. ఆ అబద్ధం విన్నప్పుడు ఆమె కడుపులో రేగిన మంట ఇప్పటికీ చల్లారలేదు.

తిరిగొచ్చాక వీధిలో ఆమె పేరు దొంగనోట్లావిడ. కూరగాయల దగ్గర చిల్లర ఇస్తే తిప్పి తిప్పి చూసి తీసుకునేవాళ్ళు. ఏడాది తిరక్కుండానే లిఫ్టాయన జబ్బుపడి, తను పనిచేసిన ఆసుపత్రిలోనే, తను నడిపిన లిఫ్టులోనే స్ట్రెచర్ మీద పైకి వెళ్ళాడు. బటన్ ఇంకెవడో నొక్కాడు. కిందికి ప్రాణంతో రాలేదు. ఆమె ఆ వీధి ఖాళీచేసి ఊరికి రెండో చివర ఇల్లు తీసుకుంది. ఆ పాతనోట్లు పారెయ్యలేదు. బిస్కెట్ల డబ్బాలో బాబిన్ల కింద దాచింది. దారం అయిపోయి డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడల్లా వేళ్ళకు తగిలేవి. తగలాలనే అక్కడ పెట్టుకుంది.

జేబులు కుట్టడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. జనం అది బతుకుతెరువు అనుకున్నారు. కానీ టూరు బావ కవర్లోకి పోకుండా ఎంత డబ్బు ఆమె కుట్టు కిందికి వస్తే ఆమెకు అంత తృప్తి. అతని గుంపులో వెళ్ళే ప్రతి మనిషి చెవిలోనూ సూదుల మధ్య నుంచి ఆ ముక్క ఊదింది. గట్టిగా అరవలేదు, ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు. విన్నవాళ్ళు ఇంకొకళ్ళకు చెప్పారు. ఆ మాట ఎవరి నోట పుట్టిందో మాత్రం అతని దాకా పోలేదు. ఏళ్ళు గడిచేసరికి అతనికి నోట్లు మార్చమని డబ్బిచ్చేవాళ్ళు లేకుండా పోయారు. రేట్లో మిగుల్చుకునే రాబడి ఎండిపోయింది. మెయిన్ రోడ్డు మీది ఆఫీసు సందులోకి మారింది. కుర్రాళ్ళు మానేశారు. ఆ కబురు విన్నరోజున ఆమె ఒంటరిగా కూర్చుని రెండు కప్పులు టీ తాగింది. అయినా చాలలేదు. ఎండిపోవడం వేరు, నలుగురిలో నిలబడటం వేరు. అతను నిలబడాలి. ఆనాడు అన్న ఆ మాట మళ్ళీ అతనే వినాలి. ఆమె పేరు అతను తన నోటితోనే కడగాలి.

ఒకరోజు గుమ్మంలో ఈల తాడు కనబడింది.

"అక్కా, మీ పేరు చాలా విన్నానండీ" అంటూ టూరు బావ లోపలికొచ్చి చెయ్యి ఊడిన కుర్చీలో కూర్చున్నాడు. జుట్టుకు రంగేశాడు కానీ మొహం వడిలింది. ఆమెను చూసి నవ్వాడు. అదే నవ్వు. ఆమె జుట్టు నెరిసింది, కళ్ళద్దాలొచ్చాయి. అతను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టి భయపడి ఉంటే ఆమె ఏమైనా మెత్తబడేదేమో. తన బతుకు బుగ్గి చేసిన మనిషికి తన మొహం కూడా గుర్తులేదని తెలిసేసరికి ఒళ్ళు మండిపోయింది.

"చెప్పండి బావగారూ" అంది.

"ఏం లేదక్కా. కొండ మీద గాజుగది ఉంటుంది చూడండీ, ఆ టూరే. ఈసారి టిక్కెట్లు గుంపుగా నేనే కొంటున్నాను. నగదిస్తే తగ్గింపు ఇస్తారు. అందరి దగ్గరా ముందే వసూలు చేశాను. హోటలు బాకీ కూడా అక్కడికక్కడే నగదు కట్టాలి. అంతా కలిపి ఇదిగో." నోట్ల కట్ట మిషన్ మీద పెట్టాడు. "బనీనులో కుట్టెయ్యండి. మీ ఎర్రదారం వేస్తే ఇంక నాకు బెంగ లేదు."

"ఇవి మీరే మార్చుకున్నారా?"

"నేనే. బ్యాంకులో. ఇప్పుడు మోసాలెక్కువ కదండీ" అన్నాడు. ఆమె నోట్లో సూదులున్నాయి కాబట్టి సరిపోయింది.

"బస్సులో సీటు ఒకటి మిగిలింది. మీరూ రాకూడదూ?" అన్నాడు మళ్ళీ, వ్యాపారం మనిషి కదా.

"వస్తాను" అంది ఆమె. అంత తొందరగా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు.

ఆమె కట్టను గుడ్డలో చుడుతుండగా ఫోను మోగింది. అతను మాట్లాడుతూ గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళాడు. అతను ఫోనెత్తితే ఎంతసేపు మాట్లాడతాడో ఆమె ఆ పాత బస్సులోనే చూసింది. బిస్కెట్ల డబ్బా తీసింది. బాబిన్ల కింది పాతనోట్లు గుడ్డలో చుట్టి, బనీను ముందువైపు, గుండె దగ్గర పెట్టి కుట్టింది. అతని మంచినోట్లు పరిచి, బనీను వెనకవైపు రెండు భుజాల మధ్య, లోపల ఒక గుడ్డముక్క కింద పెట్టి తెల్లదారంతో కుట్టేసింది. అతని డబ్బులో పైసా కూడా ముట్టుకోలేదు. చోటు మార్చింది, అంతే. అతను తిరిగొచ్చేసరికి గుండె దగ్గర ఎర్రదారం ముడి వేస్తోంది.

"బాగా బిగించారా అక్కా?"

"మీకు ఎలా కావాలో అలాగే బిగించాను" అంది.

విమానాశ్రయంలో ఆమె మొదట చూసింది టీచరమ్మను. ఆవిడ చేతికర్రతో వచ్చింది. బావకు గుర్తులేని మొహం ఆవిడకు ఠక్కున గుర్తొచ్చింది. విమానం దిగేసరికి పాత కథ సీటు నుంచి సీటుకు పాకింది. జేబులక్క అని పిలిచినవాళ్ళే గుసగుసలాడారు. అన్నం తినేచోట ఆమె పక్క కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. టీచరమ్మ హ్యాండ్‌బ్యాగు చంకలో ఇరికించుకునే తిరిగింది. ఆమె ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. ఇన్నేళ్ళు ఓపిక పట్టినదానికి ఇంకొక్కరోజు పెద్ద లెక్క కాదు. బావ ముందు సీట్లో ఫోనులో ఉన్నాడు, ఈ గుసగుస అతని చెవిన పడలేదు.

కొండ అక్కడే ఉంది. చెక్కబల్ల కూడా అక్కడే ఉంది, ఎవరో కొత్తరంగు వేశారు. టిక్కెట్ల కిటికీ ముందు బావ అందర్నీ వరుసలో నిలబెట్టాడు.

"అక్కా, కత్తెరుందా?" అన్నాడు. ఆమె పెట్టెలోంచి తీసి పెట్టుకున్న చిన్న కత్తెర ఇచ్చింది. అతను చొక్కా బొత్తాలు రెండు విప్పి బనీను అందరికీ కనబడేలా లాగాడు. "చూశారా, ఎర్రదారం చెక్కుచెదరలేదు. దీన్ని ఇప్పటిదాకా ఎవరూ ముట్టుకోలేదు" అని మైకులో చెప్పినట్టే చెప్పి, కటుక్కున కత్తిరించి, గుడ్డచుట్ట విప్పకుండానే కిటికీలోకి తోశాడు.

లోపలి అమ్మాయి విప్పింది. ఒక నోటు వెలుతురుకు పెట్టింది. ఇంకొకర్ని పిలిచింది. వాళ్ళు మరొకర్ని పిలిచారు.

  బావ కోసం చిన్న గది తలుపు తెరుచుకోవడం జేబులక్క చూసింది. అది మూసుకోవడమూ చూసింది.  చాలాసేపటికి అతను బయటికొచ్చాడు. చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకున్నాడు. బెల్టు చేతిలో ఉంది. కార్డు ఇచ్చి చూశాడు, రెండుసార్లు గీసినా పనిచెయ్యలేదు. అప్పుడు ఆమె వైపు తిరిగాడు.

"అక్కా, నేను మీకిచ్చినవి మంచినోట్లు. కుట్టేటప్పుడు మీరే మార్చేశారు."

అది నిజం. అక్షరాలా నిజం. ఆనాడు ఆమె చెప్పిందీ నిజమే. గుంపంతా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని, తొందర లేకుండా, ప్రతి మాటా విడివిడిగా పలికింది.

"నేను కుట్టినవి ఇవి కావు బావగారూ. మీరే ఎక్కడో రోడ్డు పక్కన చవగ్గా మార్చుకుని ఉంటారు."

 ఎవరో ఒకాయన, "ఎర్రదారం తెగలేదని తమరే కదా చూపించారు" అన్నాడు. ఇంకొకావిడ, "మా టిక్కెట్ల డబ్బు ఏం చేశారు బావా?" అంది. గొణుగుడు పెద్దదైంది. ఇంత దూరం వచ్చి వెనక్కి ఎవరు పోతారు, ఎవరి ఎర్రదారం వాళ్ళు తెంపుకుని, ఎవరి డబ్బుతో వాళ్ళు టిక్కెట్టు కొన్నారు. కిటికీ ముందు నేల మీద ఎర్రటి దారపు ముక్కలు పడ్డాయి. బావ ఎవరిని అప్పు అడుగుదామా అని చూస్తూ టీచరమ్మ పక్కకు జరిగాడు. ఆవిడ హ్యాండ్‌బ్యాగు అటుపక్క భుజానికి మార్చుకుంది. జేబులక్క అది చూసింది. ఆ దృశ్యం ఒక్కటి చూడటానికైనా ఈ ఖర్చు పెట్టొచ్చు అనుకుంది.

అతను వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు. ఆమె గాజుగది ఎక్కింది. బటన్ ఇంకెవరో నొక్కారు. నేల కిందికి జారిపోతుంటే అందరూ అబ్బో అంటూ పైకి చూశారు. ఆమె మాత్రం వెనక అద్దానికి ముక్కు ఆనించి కిందికి చూసింది. బల్ల అగ్గిపెట్టె అంతయింది. దాని మీద మనిషి కదలడం లేదు. పైకి చేరాక అందరూ మంచులోకి పరిగెత్తారు, ఫొటోలు తీసుకున్నారు, ఒకళ్ళ మీద ఒకళ్ళు చల్లుకున్నారు. ఆమె అంచున ఉన్న ఇనుప కమ్మీలు పట్టుకుని కిందికి చూస్తూ నిలబడింది. కూర్చో, అక్కడే కూర్చో, చలిలో కూర్చో, ఆయన కూర్చున్నట్టే కూర్చో అని ఎన్నిసార్లు అనుకుందో ఆమెకే తెలియదు. చేతులు కమ్మీలకు అంటుకుపోయాయి. కిందికి దిగాల్సిన పిలుపు వచ్చేదాకా అక్కడి నుంచి కదలలేదు.

దిగాక తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఆ నోట్లు మీరే పెట్టారు కదా" అన్నాడతను. గొంతులో కోపం అయిపోయింది.

"అవి ఎవరివో పోల్చుకోలేదా బావగారూ? మీవే. కవరు మీద లిఫ్టాయన అని రాసి విమానంలో నా చేతికిచ్చారు."

అతను ఆమె మొహంలోకి చూశాడు. కళ్ళద్దాలు, నెరిసిన జుట్టు దాటి వెతుక్కుంటూ చాలాసేపు చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

"ఆయన ఈ బల్ల మీదే కూర్చున్నాడు. నెత్తిన టోపీ లేదు" అంది ఆమె. "ఆ ఏడాదే పోయాడు."

"నా డబ్బు ఏం చేశారక్కా? రాత్రికి హోటలు వాడికి కట్టకపోతే వీళ్ళందరినీ రోడ్డు మీద పెడతాడు."

"భద్రంగా ఉంది. బస్సు మైకులో మాట్లాడండి. మాట్లాడాక చెబుతాను ఎక్కడుందో."

"మైకులో చెబితే నా వ్యాపారం ఇంకేం మిగులుతుంది?"

"నాకేం మిగిలింది?"

బస్సు కదలబోయే ముందు అతను మైకు తీసుకున్నాడు.  "ఈ అక్క వెనకటికి ఒకసారి మనతో వచ్చింది" అన్నాడు. "అప్పట్లో ఎవడో సగానికే ఇస్తానంటే కొన్ని నోట్లు కొన్నాను. తర్వాత తెలిసింది చెల్లవని. పారెయ్యడానికి మనసొప్పలేదు. ఎవరూ అడగరని వీళ్ళాయన కవర్లో పెట్టాను. ఈమె ఎక్కడా మార్చలేదు. పెట్టింది నేను. అబద్ధం చెప్పిందీ నేనే."

 జేబులక్క సీట్లోంచి లేచింది. "ఇవాళ పెట్టింది నేను" అంది అందరికీ వినబడేలా. "దాచుకోను. అబద్ధం కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే చెప్పాను. అటు తిరగండి బావగారూ." అతని చొక్కా కాలరు వెనక నుంచి కిందికి లాగి, భుజాల మధ్య తెల్లదారం కత్తిరించింది. అక్కడ పరిచిన నోట్లు బయటికి లాగి అతని చేతిలో పెట్టింది. ఇంతసేపూ ఆ డబ్బును వీపున వేసుకునే అతను బల్ల మీద కూర్చున్నాడని అర్థం కావడానికి జనానికి ఒక్క క్షణం పట్టింది. వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత బస్సంతా నవ్వింది. అతను మాత్రం నోట్లు లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకుని ముందు సీట్లో కూలబడ్డాడు.

ఆమె తన చోటికి వచ్చి కూర్చుంది. ఒళ్ళు తేలికైనట్టుంది. కుట్టు పూర్తయ్యాక చెయ్యి ఏం చెయ్యాలో తోచనట్టు కూడా ఉంది. టీచరమ్మ కర్ర ఊతంతో లేచి వచ్చి పక్క సీట్లో కూర్చుంది. హ్యాండ్‌బ్యాగు ఇద్దరి మధ్యా పెట్టింది. క్షమించమని అడగడం ఆవిడకు చేతకాలేదు, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి అడిగింది.

"నాకు మోకాళ్ళ నొప్పులమ్మాయీ, పైకెక్కి కూడా కాఫీ కొట్లోనే కూర్చున్నాను. మంచు ఎలా ఉంది? నువ్వైనా చెప్పు."

జేబులక్క చెప్పబోయి ఆగిపోయింది. ఇసకలా ఉంటుందంటావా, దూదిలా ఉంటుందంటావా? ఆయన అడిగిన ప్రశ్న ఇన్నేళ్ళూ మోసుకొచ్చి, మంచు పక్కనే నిలబడి, ఒక్కసారి వంగి ముట్టుకోలేదు. వెనక అద్దం వైపు మెడ తిప్పింది. బస్సు అప్పటికే మలుపు తిరిగింది, కొండ కనబడలేదు.

"నాకూ తెలియదు టీచరమ్మా" అంది. "పైన ఉన్నంతసేపూ నేను కిందికే చూశాను."